అంగడిలో దొరకని రాకెట్ కిట్లు

దీపావళినాడు మన పిల్లలు కాల్చు తారాజువ్వ పైకెగసి, వెలిగి, బూడిదయగును. మరల దాని ముఖము చూడబోము. ఎగిరిన రాకెట్టు చెక్కుచెదరక నేలకు దిగవలెను, మరునాడు తిరిగి ఎగురవలెను అన్న కోరిక అమెరికాలో ఒక వినోదవిద్యకు మూలమైనది. అందుకు సంబంధించి, తయారీ నిలిచిపోయిన పాత కిట్లను వెదకి తెచ్చి కూర్చువారిని గూర్చి ఇప్పుడు కొంత ముచ్చటింతము.

నెబ్రాస్కా రాష్ట్రమునందలి నార్‌ఫోక్ పట్టణములో పాదరక్షల వ్యాపారియైన ఆర్విల్ కార్లైల్ 1954లో కాగితపు గొట్టముతోను, తేలికయైన బాల్సా కర్రతోను ఇట్టి రాకెట్టును నిర్మించెను. 1957 అక్టోబరులో స్పుత్నిక్ ఎగిరిన పిమ్మట అనేకులైన బాలురు ఇంటనే మందు కూరి రాకెట్లు చేయబూని గాయపడిరి. మందును కర్మాగారములోనే కూర్చి, కాగితపు గుల్లలలో బిగించి అమ్ముటయే దానికి విరుగుడని తేలినది. కార్లైల్ నమూనాను చూచిన హ్యారీ స్టైన్ 1957లో ఒక సంస్థను స్థాపించెను. వెర్నన్ ఎస్టెస్ ఈ ఇంజనులను త్వరగా తయారుచేయుటకు 'మేబెల్' అను యంత్రమును నిర్మించి, 1961లో తన సంస్థను కొలరాడోలోని పెన్‌రోజ్‌కు తరలించెను.

ఈ ఇంజనులోని మందు కూడ తారాజువ్వలోనిదే: సురేకారము, గంధకము, బొగ్గు. మొదటి మందు కాలి రాకెట్టును ఎత్తును. రెండవది కొన్ని సెకండ్లు మెల్లగా కాలును. చివరిది చిన్న ప్రేలుడుతో మొనను త్రోసి పారాచూట్‌ను వెలికి నెట్టును. ఇంజనుపై 'ఎ8-3' అని ఉన్నచో 'ఎ' మొత్తము శక్తి యొక్క తరగతిని, 8 సగటు త్రోపును న్యూటనులలోను, 3 నడుమనుండు వ్యవధిని సెకండ్లలోను తెలుపును.

అభిరుచులు మారినవి, సంస్థలు చేతులు మారినవి. 1961లో అరిజోనాలో వెలసిన సెంచురీ సంస్థ 1980 దశకారంభమున కనుమరుగైనది. ఎస్టెస్ వారి 1969 నాటి 'మార్స్ లాండర్' వంటి కిట్లు ఏండ్ల తరబడి అంగడిలో దొరకలేదు. నార్త్ కరోలినాలో 1967లో పుట్టి కొలది కాలమునకే మూతపడిన సెమ్‌రాక్ సంస్థ 2002లో తిరిగి తెరువబడి, పాత నమూనాలనే మరల చేసి విక్రయించినది.

సేకరించువానికి ఇచట ఒక సంకటము కలదు. సీలు విప్పిన కిట్టునకు వెల తగ్గును. విప్పకున్నను కాలము ఆగదు: లోని రబ్బరు తాడు పెళుసెక్కును, రంగుబొమ్మల కాగితము పసుపుబారి పగులును. కావున పలువురు నడిమి మార్గము త్రొక్కుదురు. అసలు కిట్టును భద్రపరచి, రెక్కల ఆకృతులను క్రొత్త బాల్సాపై గీసి కోసి, ప్రతిరూపమును కూర్చి ఎగురవేయుదురు. గొట్టములు నియమిత కొలతలవి యగుట ఇందుకు తోడ్పడును. ఎస్టెస్ వారి 'బి.టి.-50' గొట్టము వెలుపలి వ్యాసము 24.8 మిల్లీమీటర్లు, అదే కొలత గొట్టము నేడును లభించును.

రెండు జాగ్రత్తలు తప్పవు. బాల్సా మొనకు బదులు తేలికయైన మొన పెట్టినచో తూకము మారును. గురుత్వకేంద్రము గాలి ఒత్తిడి కేంద్రమునకు ముందుండనిచో రాకెట్టు గాలిలో పల్టీలు కొట్టును. ఇక కిట్టుతో వచ్చిన పాత ఇంజనును కాల్చరాదు. వేడికిని చలికిని సాగి కుంచించుకొనుటచే మందుదిమ్మ గుల్లనుండి వీడును, లేక బీటవారును. ఆ సందులలో మంట ఒక్కసారిగా వ్యాపించి గుల్ల ప్రేలిపోవచ్చును. పాతది అలమారులో ఉండవలెను, ఎగురుటకు క్రొత్తది కావలెను.

మా తలంపున ఆ సంచిలో అన్నిటికంటె విలువయైనది సూచనల పత్రము. కర్ర మరల దొరకును, గొట్టము మరల దొరకును. ఏ ముక్క ఎచట ఏ కోణమున అతుకవలెనో తెలుపు ఆ కాగితము పొడియైనచో ఆ రాకెట్టును మరల చేయు దారి మూసుకొనిపోవును. కిట్టు కొన్నవాడు ముందుగా చేయవలసిన పని దానికి నకలు తీయుటయే.