తెలుగు పరిశోధకులకు లినక్స్: తొలి అడుగులు

వ్యాససంగ్రహం

ఉచితంగా లభించే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను తెలుగు పరిశోధకులు, అధ్యాపకులు ఎలా వాడటం మొదలుపెట్టవచ్చో ఈ వ్యాసం వివరిస్తుంది. వ్యవస్థను స్థాపించుకోవడం కంటే, అను ఖతులలో ఉన్న పాత రాతలను యూనికోడ్‌లోకి తెచ్చుకోవడమే అసలు సమస్య అని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: లినక్స్, స్వేచ్ఛ, అను, యూనికోడ్, పోతన ఖతి, శోధ్‌గంగ.

1. ఉపోద్ఘాతం

దిల్‌సుఖ్‌నగర్ నుంచి విజయవాడ రహదారిలో ఎల్బీనగర్, హయత్‌నగర్ దాటి బాటసింగారం వైపు వెళ్తే శిక్షణ సంస్థలు, కళాశాలలు, వాటిని ఆశ్రయించుకొన్న డి.టి.పి. కేంద్రాలు కనిపిస్తాయి. తెలుగు సిద్ధాంతగ్రంథాలు ఎన్నో ఇటువంటి కేంద్రాల్లోనే అక్షరరూపం దాల్చాయి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కోరే భద్రతా చిప్పు లేని పాత కంప్యూటర్లు దానికి మారలేవు. 4 జీబీ మెమరీ ఉన్న అటువంటి యంత్రం మీద లినక్స్ హాయిగా నడుస్తుంది. కనుక కొత్త కంప్యూటరు కొనలేని శాఖలకూ, పరిశోధక విద్యార్థులకూ ఇది పరిశీలించదగిన మార్గం.

2. లినక్స్ స్వరూపం

1983లో రిచర్డ్ స్టాల్మన్ ప్రకటించిన గ్నూ ప్రణాళిక, 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రాసిన కెర్నెల్ కలిసి ఈ వ్యవస్థ ఏర్పడింది. దీనిని వేర్వేరు బృందాలు వేర్వేరు కూర్పులుగా విడుదల చేస్తాయి. డెబియన్, ఉబుంటు, మింట్ అటువంటివే. హైదరాబాదుకు చెందిన స్వేచ్ఛ సంస్థ 2005లో అదే పేరుతో తెలుగు కూర్పును విడుదల చేసింది. సి-డాక్ 2007లో భారతీయ భాషల కోసం బాస్ కూర్పును తెచ్చింది. ఈ రెండు ప్రయత్నాలకూ చారిత్రక ప్రాధాన్యం ఉన్నా, నేడు కొత్తవారు మింట్‌తోనో ఉబుంటుతోనో మొదలుపెట్టడమే మేలు. సందేహం వచ్చినప్పుడు సమాధానాలు వాటికే ఎక్కువగా దొరుకుతాయి.

కూర్పును దిగుమతి చేసుకొని 8 జీబీ పెన్‌డ్రైవ్‌పైకి ఎక్కించి, కంప్యూటరును దానినుంచే తెరవవచ్చు. హార్డ్‌డిస్క్‌ను ముట్టకుండానే వైఫై, కీబోర్డు, ప్రింటరు పనిచేస్తున్నాయో లేదో చూసుకోవచ్చు. తృప్తి కలిగాకే స్థాపించుకోవాలి. సిద్ధాంతగ్రంథం ఉన్న యంత్రంపై మొదటి ప్రయోగం చేయరాదు. తప్పనిసరైతే ప్రతిని వేరే డిస్కులో భద్రపరచి, విండోస్‌లో బిట్‌లాకర్ ఉంటే దాని తాళసంఖ్యను కాగితంపై రాసిపెట్టుకోవాలి. స్థాపించిన తర్వాత టెర్మినల్‌లో సంకేతపదం కొడుతుంటే కొన్ని కూర్పుల్లో తెరపై ఏమీ కనిపించకపోవచ్చు. కీబోర్డు చెడిపోయిందని కంగారు పడనక్కరలేదు, దాని తీరే అంత.

తెలుగు టైపింగుకు ఇన్‌స్క్రిప్ట్ అమరిక వ్యవస్థలోనే ఉంటుంది. ఆంగ్ల అక్షరాలతో తెలుగు రాసే అలవాటున్నవారు ఐబస్-ఎమ్17ఎన్ అనే ప్యాకేజీని చేర్చుకొంటే ఆర్.టి.ఎస్. పద్ధతి లభిస్తుంది. ఇది అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకొన్నది. తిరుమల కృష్ణ దేశికాచారి రూపొందించిన పోతన, వేమన ఖతులు డెబియన్, ఉబుంటు భాండాగారాల్లోనే ఉన్నాయి.

3. అను నుంచి యూనికోడ్‌కు

అను పద్ధతిలో కంప్యూటరు నిల్వ చేసేది తెలుగు అక్షరాన్ని కాదు. ఆంగ్ల అక్షరాలకు, చిహ్నాలకు కేటాయించిన స్థానాల్లో తలకట్టు, గుడి, వత్తు వంటి లిపిభాగాల బొమ్మలను ఉంచారు. ఖతి ఉన్నచోట తెలుగుగా కనబడే పుట, అది లేనిచోట అర్థంలేని ఆంగ్లాక్షరాల గుంపవుతుంది. లినక్స్‌కు మారినవారు తమ దస్త్రం పాడైందని భయపడేది ఇక్కడే. లిబ్రే ఆఫీస్‌లోని డ్రా పేజ్‌మేకర్ దస్త్రాలను తెరవగలదు కాని, లోపలి అక్షరసంకేతాన్ని మార్చదు.

ఈ చిక్కు లినక్స్ తెచ్చినది కాదు, లినక్స్ బయటపెట్టినది. సిద్ధాంతగ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులను సమర్పించాలని యు.జి.సి. 2009 నిబంధనలు కోరాయి. అవి ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి శోధ్‌గంగలో చేరుతున్నాయి. అను ఖతులతో చేసిన పీడీఎఫ్‌లో తెలుగు పదం వెతికితే దొరకదు. ఏళ్ల తరబడి శ్రమించి రాసిన గ్రంథం, తర్వాతి పరిశోధకుని వెతుకులాటకు అందకుండా పోతుంది. అందువల్ల లినక్స్‌కు మారినా మారకున్నా ఈ మార్పిడి చేయవలసిందే.

అను రాతను యూనికోడ్‌గా మార్చే ఉపకరణాలు ఉన్నాయి. అయితే వాటి ఫలితాన్ని యథాతథంగా స్వీకరించరాదు. సంయుక్తాక్షరాలు, వత్తుల స్థానం, అంకెలు, ఉద్ధరణచిహ్నాల విషయంలో మూలప్రతితో పోల్చి చూడాలి. ముఖ్యంగా పద్యపాదాలను పంక్తి పంక్తిగా సరిచూడాలి.

4. పరిశోధనలో ప్రయోజనం

రాత యూనికోడ్‌లోకి వచ్చాక లినక్స్ విలువ తెలుస్తుంది. ఒక కవి రచనలన్నీ సాదా పాఠ్యదస్త్రాలుగా ఉంటే, గ్రెప్ అనే చిన్న ఆదేశం ఒక పదం ఏ దస్త్రంలో ఏ పంక్తిలో ఉందో క్షణంలో చూపుతుంది. సార్ట్, యూనిక్ ఆదేశాలను జతచేస్తే పదాల ఆవృత్తి పట్టిక వస్తుంది. పదప్రయోగ పరిశీలనకు, మాండలిక అధ్యయనానికి దీనికి మించిన ప్రవేశద్వారం లేదు. టెసరాక్ట్ అనే ఉపకరణానికి తెలుగు దత్తాంశాన్ని జోడిస్తే, స్కాన్ చేసిన పుటలనుంచి పాఠాన్ని రాబట్టవచ్చు. అరసున్నలున్న పాత ముద్రణల్లో తప్పులు ఎక్కువగా దొర్లుతాయి కనుక మూలంతో పోల్చకుండా ఉటంకించరాదు.

రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది ఐత్వానికి సంబంధించినది. యూనికోడ్‌లో దీనిని ఒకే సంకేతంగానూ, ఎత్వంతో మరొక చిహ్నాన్ని కలిపి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. కంటికి రెండూ ఒక్కటే, గ్రెప్‌కు మాత్రం వేర్వేరు. ఒక రూపంతో వెతికితే రెండో రూపంలో ఉన్న ప్రయోగాలు లెక్కలోకి రావు. కనుక లెక్కించడానికి ముందే అన్ని దస్త్రాలను ఒకే రూపానికి తేవాలి. యూకాన్వ్ అనే ఉపకరణం ఆ పని చేస్తుంది. రెండవది అకారాది క్రమం. యూనికోడ్ పట్టికలో ఱకారం రకారం వెంట, ళకారం లకారం వెంట ఉన్నాయి. మన వర్ణమాలలో అవి హకారం తర్వాత వస్తాయి. సంకేతసంఖ్యల ప్రకారం పేర్చిన పదసూచికలో ఈ రెండు అక్షరాలున్న పదాలను సంకలనకర్త స్వయంగా సరిచేసుకోవాలి.