రాత్రి పదకొండింటికి కోర్టు

పోయిన వేసవిలో ఒక రాత్రి పదిన్నరకి, చేతిలో లాప్‌టాప్, భుజం మీద నిద్రపోతున్న కొడుకుతో మా స్నేహితురాలు మా ఇంటి తలుపు తట్టింది. పదకొండింటికి తనకి కోర్టు వాయిదా. కోర్టేమో ఇండియాలో, తనేమో బాతెల్‌లో. వేసవిలో మనకి రాత్రి పదకొండయితే అక్కడ మర్నాడు పొద్దున్న పదకొండున్నర. భర్త ఇండియా వెళ్ళిపోయి అక్కడ విడాకులకి కేసు వేశాడు. ప్రతి వాయిదాకీ వెళ్ళి రావాలంటే పిల్లాడి బడి, తన ఉద్యోగం, వీసా స్టాంపింగ్ అన్నీ అడ్డమే. తను ఉండేది ఇంకొకరితో పంచుకున్న ఇల్లు. గదిలో వేరే ఎవరూ ఉండకూడదని లాయరుగారు చెప్పారట. అందుకే మా ఇంటికి వచ్చింది.

బాబుని సోఫాలో పడుకోబెట్టి నేను వంటింట్లో కూర్చున్నాను. మూసిన తలుపు వెనకనుంచి నాకు వినిపించిన మాట ఒకటే: "సార్, వినిపిస్తోందా?" నలభై నిమిషాలు ఎదురుచూశాక తన వంతు వచ్చింది. రెండు నిమిషాలు మాట్లాడిందో లేదో, లింకు తెగిపోయింది. కేసు ఇంకో తేదీకి పడింది.

నేను చదివింది ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, లా కాదు. కానీ ఆ రాత్రి తర్వాత ఊరుకోలేక పాత తీర్పులు వెతికి చదివాను. మొదట దొరికింది మనవాళ్ళ కేసే. 1975లో తిరుపతిలో పెళ్ళయిన జంట. భర్త అమెరికాలో మిస్సోరీ కోర్టుకి వెళ్ళి 1980లో విడాకులు తెచ్చుకున్నాడు. భార్య అభ్యంతరం చెబుతూ జవాబు పంపగలిగిందే కానీ అంత దూరం వెళ్ళి వాదించుకోలేదు. మరుసటి ఏడాది అతను యాదగిరిగుట్టలో మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. 1991 జులై 9న మన సుప్రీంకోర్టు ఆ విడాకులు చెల్లవంది. కాగితం మీద జవాబిస్తే సరిపోదు, ఆమె తన వాదన నిజంగా వినిపించుకునే అవకాశం ఉండాలి, అవసరమైతే ఆమె ప్రయాణ ఖర్చుల ఏర్పాటు కూడా చూడాలి అంది.

అప్పటికి అవకాశమంటే విమానం టిక్కెట్టు. మరి ఇప్పుడు ఒక లింకు చాలా? దీని మీద 2017లో సుప్రీంకోర్టే రెండు విధాలుగా చెప్పింది. భార్య హైదరాబాదుకి మార్చమని అడిగిన ఒక కేసులో, కేసులు ఊళ్ళు మార్చే బదులు వీడియో వాడొచ్చని మార్చిలో అంది. అక్టోబరులో ముగ్గురు న్యాయమూర్తుల బెంచి ఇద్దరి మాటగా దాన్ని మార్చింది. కుటుంబ కేసుల్లో ఏకాంతం ముఖ్యం, రాజీ ప్రయత్నం ఎదురెదురుగా జరగాలి, అది విఫలమయ్యాక ఇద్దరూ ఒప్పుకుంటేనే వీడియో అంది. జస్టిస్ చంద్రచూడ్ మాత్రం ఒప్పుకోలేదు. ఇంతలో కరోనా వచ్చింది. 2020 ఏప్రిల్ 6న సుప్రీంకోర్టే దేశంలోని కోర్టులన్నిటికీ వీడియో దారి చూపించింది. ఇక్కడ మా కింగ్ కౌంటీ సుపీరియర్ కోర్టు అయితే జ్యూరీ విచారణలు కూడా జూమ్‌లో నడిపింది.

మా ఇంట్లో ఆ తలుపు మూసుకున్నప్పుడు అక్టోబరు తీర్పులోని భయం నాకు అర్థమైంది. తలుపు మూసుకునే గదే లేని ఆడదానికి తెర మీద కోర్టు ఏకాంతం ఇవ్వలేదు. కానీ ఆ తెరే లేకపోతే తను అసలు ఆ కోర్టులో ఉండేదే కాదు.

మీలో ఎవరికైనా ఇలాంటి అవసరం వస్తే, మాకు తెలిసొచ్చినవి చెబుతాను. వీడియోకి అనుమతి లాయరు ద్వారా ముందే రాతపూర్వకంగా అడగండి. లింకు తెగితే ఎవరికి ఫోన్ చేయాలో కనుక్కోండి. తెగినప్పుడు ఆ సంగతి రికార్డులో రాయించమనండి. మెసేజీలకి స్క్రీన్‌షాట్లు తీసుకుని పాత ఫోను అమ్మేయకండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి కాపీలకి ధ్రువపత్రం జతచేయాలి. ల్యాబులో లేబుల్ లేని సీసా లాంటిదే ధ్రువపత్రం లేని స్క్రీన్‌షాట్. అందులో ఏముందో మనకి తెలుసు, కానీ రుజువు చేయలేం.

డిసెంబరులో మళ్ళీ వాయిదా. చలికాలం కదా, ఈసారి రాత్రి పదింటికే. తను హెడ్‌సెట్ తెచ్చుకుంది, కోర్టు సిబ్బంది నంబరు కాగితం మీద రాసుకుంది. మధ్యలో ఒకసారి లింకు తెగింది. ఫోన్ చేసింది, మళ్ళీ కలిపారు. బయటికి వచ్చేసరికి టీ చల్లారిపోయింది.

"ఏమైంది?" అన్నాను.

"ఇంకా ఏం తేలలేదు. కానీ ఇవాళ నేను చెప్పింది పూర్తిగా విన్నారు" అంది.

టీ మళ్ళీ వేడి చేశాను.