జ్వరానికి జావ



ఇంట్లో ఎవరికైనా ఒళ్ళు వెచ్చబడితే చాలు, "లంఖణం పరమౌషధం" అంటూ అన్నం గిన్నె పక్కకు జరిపే పెద్దవాళ్ళను మనం చూస్తూనే ఉంటాం. సామెత మనదే గాని ఈ తగవు మన ఒక్కరిదే కాదు. సుమారు 2,400 ఏళ్ళ కిందట గ్రీసు దేశపు వైద్యులు కూడా దీనిమీదే వాదులాడుకున్నారు.

హిపోక్రటీస్ పేరుమీద మనకు మిగిలిన గ్రంథాలలో, తీవ్రమైన జబ్బులలో పథ్యం ఎలా ఉండాలో చెప్పే పుస్తకం ఒకటుంది. అందులో పెద్దపీట దేనికనుకున్నారు? బార్లీ జావకు! దాన్ని వాళ్ళు 'ప్టిసానే' అనేవారు. దంచి పొట్టు తీయడం అనే మాటలోంచి వచ్చిన పేరది. ఈనాడు ఫ్రెంచివాళ్ళు ఆకులూ పూలూ వేసి కాచుకునే కషాయాన్ని 'తిజాన్' అంటారే, అది ఈ పేరే. బార్లీ పోయింది, పేరు మిగిలింది!

కొందరు వైద్యులు రోగిని మొదటి రెండు మూడు రోజులు పస్తుంచి, తర్వాత ఒక్కసారిగా జావ పట్టిస్తున్నారని ఆ గ్రంథకర్త కోపం. నీరసించిన ఒంటికి అంత హఠాత్తు మార్పు పనికిరాదంటాడు. బార్లీ ఉబ్బేదేదో కుండలోనే ఉబ్బాలి, కడుపులో కాదు. అలా ఉడికితేనే నున్నగా గొంతు దిగి దాహం తీరుస్తుంది. రెండుపూటలా తినే అలవాటున్నవాళ్ళకు రెండుపూటలా ఇవ్వమన్నాడు. గింజలతో ఇవ్వాలా, వడకట్టిన తేట ఒక్కటే ఇవ్వాలా అన్నది జబ్బును బట్టి. గంజి వార్చే మన చేతులకు ఇది కొత్త విద్యేమీ కాదు కదూ! కఫం తెగక బాధపడేవాళ్ళకు తేనె, సిర్కా కలిపిన పానకం కూడా చెప్పాడు.

క్రీ.శ. 1వ శతాబ్దంలో డయాస్కోరిడీస్ అనే వైద్యుడు, సోపుగింజలు వేసి కాచిన బార్లీ జావ తాగితే తల్లికి పాలు బాగా పడతాయని రాశాడు. ఏ మంత్రసానిని అడిగి రాసుకున్నాడో మరి!

జ్వరంలో నోటికి ఏదీ సహించనప్పుడు ఈ జావ ఇప్పటికీ మంచిదే. గుప్పెడు బార్లీ కడిగి నానబెట్టి, పలుకు లేకుండా ఉడికించి వడకట్టండి. చిటికెడు ఉప్పు వేసి, గోరువెచ్చగా కొద్దికొద్దిగా తాగించండి. విరేచనాలవుతుంటే మాత్రం దీనితో సరిపెట్టకుండా ఓ.ఆర్.ఎస్. పొడి కలిపి ఇవ్వాలి. ఏడాది నిండని పసివాళ్ళకు తేనె చుక్కైనా నాకించకండి. పసివాళ్ళకు జ్వరం వచ్చినా, పెద్దవాళ్ళకు మూడోరోజుకీ దిగకపోయినా డాక్టరుకు చూపించాల్సిందే.