పాత వస్తువుల విలువ నిర్ణయం: వారసత్వం, జకాత్, వ్యాపారం

హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం)ను బావిలోనుంచి తీసినవారు ఆయనను అతి స్వల్ప ధరకు, లెక్కకు వచ్చే కొద్ది దిర్హములకు అమ్మివేశారని దివ్య ఖుర్‌ఆన్ తెలుపుతున్నది. తమ చేతికి చిక్కినది ఎంతటి అమూల్య రత్నమో ఆ బాటసారులకు తెలియదు. ఆ స్వల్ప ధరను సూచించడానికి ఖుర్‌ఆన్ వాడిన 'బఖ్స్' అనే పదం నుంచే మరొక ఆజ్ఞ కూడా పుట్టింది. హజ్రత్ షుఐబ్ (అలైహిస్సలాం) తన జాతివారిని హెచ్చరిస్తూ, కొలతల్లోను తూకాల్లోను న్యాయం పాటించమని, ప్రజలకు వారి వస్తువులను తగ్గించి ఇవ్వవద్దని బోధించారు. కాబట్టి ఒక వస్తువు విలువను ఉన్నదున్నట్టు తెలుసుకోవడం కేవలం లాభనష్టాల విషయం కాదు, అది హక్కులకు సంబంధించిన విషయం.

ఈ సమస్య మన ఇళ్లలో సాధారణంగా ఒక మరణం తర్వాత ఎదురవుతుంది. గోదావరి తీరాన కాళేశ్వరానికి చేరువలో ఉన్న మహదేవపూర్ ఒకప్పుడు నిజాం రాజ్యంలో తాలూకా కేంద్రం. అటువంటి ఊళ్లలో పాత కుటుంబాల పెట్టెలు తెరిస్తే హాలీ సిక్కా రూపాయలు, రాగి దేగిషాలు, పాన్‌దాన్లు, చేతివ్రాత గ్రంథాలు బయటపడడం వింత కాదు. అటువంటి ఒక ఇంట్లో యజమాని మరణించి, భార్య, ఒక కుమారుడు, ఇద్దరు కుమార్తెలు వారసులుగా మిగిలారనుకుందాం. ఖననపు ఖర్చులు, అప్పులు, వసీయతు తీరిన తర్వాత పెట్టెలో 32 వెండి రూపాయలు ఉన్నాయి. షరీఅత్ ప్రకారం భార్యకు ఎనిమిదవ వంతు, అనగా 4 రూపాయలు. మిగిలిన 28లో కుమారునికి 14, ఒక్కొక్క కుమార్తెకు 7. లెక్క చక్కగా సరిపోయింది.

అయితే ఈ లెక్క సరిపోయేది నాణేలన్నీ సమాన విలువ గలవైతేనే. వాటిలో ఒకటి అరుదైన సంవత్సరానిదై, మిగిలిన నాణేలన్నిటికంటె ఎక్కువ ధర పలికేదైతే? తెలిసిన కుమారుడు దానిని తన పధ్నాలుగింటిలో కలుపుకుంటే, తెలియని చెల్లెళ్ల హక్కు హరించుకుపోతుంది. వారసులలో అనాథ బాలలు ఉంటే విషయం మరింత తీవ్రమవుతుంది. అనాథల మేలైన సొత్తును చెడ్డ సొత్తుతో మార్చవద్దని నిసా సూరా ఆరంభంలోనే హెచ్చరిక ఉన్నది. అందువల్ల పంపకానికి ముందే విలువ కట్టించడం అవసరం.

విలువ అనేది ఒక్కటి కాదు. మొదటిది లోహపు విలువ. ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు హాలీ రూపాయి తూకం సుమారు 11.18 గ్రాములు, అందులో వెయ్యికి 818 పాళ్లు వెండి, అనగా 9.14 గ్రాముల శుద్ధ వెండి. బ్రిటిష్ కల్దార్ రూపాయి 11.66 గ్రాములు, 1940కి పూర్వపు వాటిలో వెయ్యికి సుమారు 917 పాళ్లు వెండి. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు అనే పాత మారకం వెనుక ఉన్నది ఈ తేడాయే. 1940 నుంచి కల్దార్‌లో వెండి సగానికి తగ్గింది. కనుక చూపుకు ఒకేలా ఉన్న రెండు కల్దార్ల లోహపు విలువ ఒకటి కాదు.

రెండవది సేకరణదారుల విలువ. ఇది అరుదుతనం, నాణెం స్థితి, అసలుదనం, కోరేవారి సంఖ్య అనే నాలుగింటిపై ఆధారపడుతుంది. ఎంత పాతదైతే అంత ఖరీదు అనే నమ్మకం సరి కాదు. లక్షల కొద్దీ ముద్రించబడిన పాత నాణెం చౌకగానే దొరకవచ్చు, కొద్దిగా ముద్రించబడిన ఇటీవలి నాణెం ప్రియం కావచ్చు. అందుకే ముద్రను చదవగలగాలి. ఆసఫ్ జాహీ నాణేలపై కనిపించే 92 అనే అంకె సంవత్సరం కాదు. అబ్జద్ లెక్కలో 'ముహమ్మద్' అనే పవిత్ర నామానికి వచ్చే సంఖ్య. చార్మినార్ ద్వారంలో 'ఐన్' అక్షరముంటే అది ఉస్మాన్ అలీ ఖాన్ కాలపుది, 'మీమ్' ఉంటే మహబూబ్ అలీ ఖాన్ కాలపుది. 'జులూస్' అనే మాటతో ఉన్న అంకె పట్టాభిషేకం నుంచి లెక్కించిన సంవత్సరం. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో హెచ్చించి 622 కలిపితే క్రీస్తు శకం సుమారుగా తెలుస్తుంది. ఈ విధంగా హిజ్రీ 1330 అంటే ఇంచుమించు 1912.

మూడవది అమ్మకపు ధర. ఎవరో అడిగిన ధర విలువ కాదు. నిజంగా ఎవరో చెల్లించిన ధరే విలువకు సాక్ష్యం. కంసాలి కరిగించే ధర చెబుతాడు. నాణేల వర్తకుడు తన లాభం మినహాయించి చెబుతాడు. పురావస్తు నిపుణుడు అది ఏమిటో, ఏ కాలానిదో చెప్పగలడు. ముగ్గురి మాటలూ విని, వేలంపాటలలో అటువంటి నాణేలు పలికిన ధరలతో పోల్చిన తర్వాతనే నిర్ణయానికి రావాలి. అంతవరకు నాణేన్ని చింతపండుతోగాని బూడిదతోగాని తోమరాదు. తళతళలాడించిన నాణెం సేకరణదారుని దృష్టిలో విలువ కోల్పోతుంది. చేతివ్రాత గ్రంథాలలో చివరి పుట ముఖ్యం. లేఖకుని పేరు, తేదీ సాధారణంగా అక్కడే ఉంటాయి.

ఇక జకాత్ విషయం. ఇంట్లో వాడుకునే, లేదా అలంకారంగా ఉంచిన రాగి, ఇత్తడి, పింగాణీ వస్తువులు ఎంత పాతవైనా వాటిపై జకాత్ లేదు. అమ్మే ఉద్దేశంతో కొన్నవైతే అవి వ్యాపార సరుకు, ప్రతి సంవత్సరం మార్కెట్ ధర కట్టి నూటికి రెండున్నర ఇవ్వాలి. వెండి బంగారాల సంగతి వేరు. హనఫీ ఫిఖహ్ ప్రకారం అవి ఏ ఉద్దేశంతో దాచినా జకాత్‌కు లోబడతాయి. వెండి నిసాబ్ యాభై రెండున్నర తులాలు, అనగా 612.36 గ్రాములు. నాణెంలో వెండి పాలే ఎక్కువైతే నాణెమంతా వెండిగా పరిగణించబడుతుంది. ఆ లెక్కన 55 హాలీ రూపాయలు ఉంటే వాటితోనే నిసాబ్ పూర్తవుతుంది. అంతకు తక్కువైనా, ఇతర నగదు, బంగారంతో కలిపి చూడాలి. జకాత్‌ను నోట్ల రూపంలో చెల్లించేటప్పుడు తూకాన్ని కాక విలువను గమనించాలన్న ఫుఖహాల మాట కూడా గుర్తుంచుకోదగినది.

అమ్మకంలో మరొక జాగ్రత్త ఉన్నది. ఖైబర్ దినాన ఫజాలా బిన్ ఉబైద్ (రజి) పన్నెండు దీనార్లకు బంగారము, పూసలు కలిసిన హారమొకటి కొన్నారు. విడదీసి చూస్తే అందులోని బంగారమే పన్నెండు దీనార్లకు మించి ఉన్నది. విడదీయకుండా అటువంటి దానిని అమ్మరాదని దైవప్రవక్త (స) ఆదేశించారు. వెండికి వెండి మారేటప్పుడు తూకం సమానంగా, చేతికి చేతిగా ఉండాలి. కనుక అరుదైన వెండి నాణేన్ని ఎక్కువ తూకపు వెండి పట్టీలకు మార్చుకోవడం సరి కాదు. దానిని రొక్కానికి అమ్మి, ఆ రొక్కంతో పట్టీలు కొనుక్కోవాలి.

పల్లెలకు వచ్చి పాత వస్తువులు కొనేవారికి కూడా షరీఅత్‌లో బోధ ఉన్నది. సరుకు తెచ్చే బిడారులను బజారు చేరకముందే దారిలో ఎదుర్కొని కొనడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. అలా అమ్మినవాడు బజారుకు వచ్చి అసలు ధర తెలుసుకుంటే బేరం రద్దు చేసుకునే హక్కు అతనికి ఉన్నది. ధర తెలియని వృద్ధురాలి గుమ్మంలో వెండి తూకానికి అరుదైన నాణెం కొనేవాడు ఈ హదీసును తలచుకోవాలి. హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) గురించి నివేదించబడిన సంఘటన దీనికి భిన్నమైన ఆదర్శం. ఆయన కొరకు మూడు వందలకు బేరమైన గుర్రాన్ని చూసి, ఇది ఇంకా ఎక్కువ చేస్తుందని యజమానికి తానే చెప్పి, పెంచుతూ పెంచుతూ ఎనిమిది వందలు చెల్లించారు. ప్రతి ముస్లిం మేలు కోరతానని తాను దైవప్రవక్త (స)కు చేసిన ప్రమాణమే అందుకు కారణమని చెప్పారు.

దేశ చట్టాన్ని కూడా తెలుసుకోవాలి. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణేలు, కళాఖండాలు, 75 ఏళ్లు దాటిన విలువైన వ్రాతప్రతులు పురావస్తువులే. వాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపరాదు, వ్యాపారం చేసేవారికి లైసెన్సు ఉండాలి. పొలంలో నిక్షేపం దొరికితే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. ఫిఖహ్‌లోనూ భూమిలో దొరికినదంతా ఒకే తీరు కాదు. ఇస్లాంకు పూర్వపు ముద్రలున్న నిధి రికాజ్, అందులో ఐదవ వంతు బైతుల్‌మాల్‌ది. ఇస్లామీయ ముద్ర ఉన్నది దొరికిన సొమ్ము, దాని యజమానిని వెదకాలి. ఇక్కడ కూడా ముద్రను చదవడంతోనే తీర్పు మొదలవుతుంది.

ఆ 32 రూపాయలకు మళ్లీ వస్తే, మార్గం స్పష్టమే. ప్రతి నాణేన్నీ తూచి, చదివి, పట్టిక వ్రాసి, వారసులందరి సమక్షంలో విలువ కట్టించాలి. అరుదైన నాణేన్ని అమ్మి రొక్కం పంచుకోవచ్చు. లేదా ఒకరు దానిని ఉంచుకొని, మిగిలినవారి వాటాను నోట్లలో, అప్పటికప్పుడు చెల్లించవచ్చు. చెల్లెలు తెలిసి వదులుకున్నది కానుక అవుతుంది, తెలియక పోగొట్టుకున్నది మాత్రం అన్న మెడపై ఋణమై మిగులుతుంది. ప్రజలకు వారి వస్తువులను తగ్గించి ఇవ్వనివారిలో అల్లాహ్ మనలను చేర్చుగాక. ఆమీన్.