బాయిలర్‌లో మడ్డి, గార: ఊక లెక్కలో నష్టమెంత?

గంటకు రెండు టన్నుల ఆవిరి ఇచ్చే బాయిలర్‌లోకి 400 పీపీఎం కాఠిన్యం ఉన్న బోరునీటిని నేరుగా పంపితే, గంటకు దాదాపు 800 గ్రాముల సున్నపు పదార్థం లోపలికి వెళ్తుంది. రోజంతా నడిస్తే 19 కిలోలకు పైగా. పీపీఎం అంటే లీటరు నీటిలో అన్ని మిల్లీగ్రాములు. నీరు ఆవిరై వెళ్లిపోతుంది, సున్నం మాత్రం బాయిలర్‌లోనే ఉండిపోతుంది. బోరునీరు రోజూ కాచే గిన్నె అడుగున తెల్లగా పట్టే గారే ఇక్కడా పడుతుంది. కాకపోతే ఇక్కడ అది పది కిలోల ప్రెషర్ మధ్య, నిప్పుకు అవతలి వైపున పెరుగుతుంది. బయటి నుంచి కంటికి కనబడదు.

ఉప్పుడు బియ్యం మిల్లులనే ఉదాహరణగా తీసుకుందాం. మిర్యాలగూడ అయినా గోదావరి జిల్లాలైనా పని ఒకటే. ధాన్యం నానబెట్టే నీరు కాగాలన్నా, నానిన ధాన్యం ఉడకాలన్నా, తర్వాత డ్రయ్యర్‌లో ఆరాలన్నా ఆవిరే ఆధారం. క్వింటా ధాన్యం ఆడిస్తే సుమారు 20 కిలోల ఊక వస్తుంది. పొయ్యిలో మండేది అదే, మిగిలితే అమ్ముకునేదీ అదే. కాబట్టి బాయిలర్‌లో జరిగే ప్రతి నష్టాన్నీ ఊకతో కొలవవచ్చు.

లెక్కలన్నీ ఒకే బాయిలర్ మీద వేద్దాం. గంటకు 2,000 కిలోల ఆవిరి, 10 కిలోల ప్రెషర్, లోపలికి వెళ్లే నీరు 30 డిగ్రీలు, ఊకలో కిలోకు 3,200 కిలోకేలరీల వేడి, బాయిలర్ సామర్థ్యం 70 శాతం. ఈ లెక్కన ఆవిరి తయారీకే గంటకు సుమారు 565 కిలోల ఊక కావాలి. రోజుకు పదమూడున్నర టన్నులు.

ఒక మిల్లీమీటరు గార

ట్యూబుల మీద ఒక మిల్లీమీటరు మందాన గార పడితే ఇంధన ఖర్చు 5 నుంచి 8 శాతం పెరగవచ్చని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ శిక్షణ పుస్తకాలు చెబుతాయి. మన బాయిలర్‌లో 5 శాతం అంటే రోజుకు 680 కిలోల ఊక, 8 శాతం అంటే 1,080 కిలోలు. ఇనుములోంచి వేడి దాటినంత సులువుగా సున్నపు పొరలోంచి దాటదు. ఆ తేడా పదుల రెట్లలో ఉంటుంది. సిలికా కలిసిన గార అయితే ఇంకా మొండిది.

ఊక నష్టం కన్నా పెద్ద ప్రమాదం ట్యూబుకే ఉంది. 10 కిలోల ప్రెషర్ దగ్గర నీరు 184 డిగ్రీల వద్ద మరుగుతుంది. శుభ్రమైన ట్యూబు లోహం అంతకు కొంచెం ఎక్కువ వేడిలో ఉంటుంది, ఎందుకంటే నీరు దాన్ని నిరంతరం చల్లబరుస్తుంటుంది. మధ్యలో గార అడ్డుపడితే ఆ చల్లదనం అందదు. 400 డిగ్రీలు దాటాక మామూలు ఉక్కు బలం త్వరత్వరగా తగ్గిపోతుంది. ట్యూబు ఉబ్బుతుంది, వంగుతుంది, చివరికి చీలుతుంది. ఆ క్షణాన బాయిలర్ ముందు నిలబడి ఉండేది అటెండెంటు. అందుకే దీన్ని ఊక లెక్కతో సరిపెట్టి వదిలేయకూడదు.

ట్యూబుకు నిప్పు వైపు సంగతి కూడా మరవద్దు. ఊకలో సుమారు ఐదో వంతు బూడిదే. మూడు మిల్లీమీటర్ల మసి పేరుకుంటే మరో రెండున్నర శాతం ఇంధనం పోతుంది. అది బ్రష్షుతో పోయే పని. నీటి వైపు గార అంత సులువుగా పోదు.

సాఫ్టనర్ చేసేది, చేయనిది

కాఠిన్యాన్ని ఆపేది సాఫ్టనర్. అందులోని రెజిన్ కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని బదులుగా సోడియంను వదులుతుంది. రెజిన్ నిండిపోయాక ఉప్పునీటితో రీజనరేట్ చేయాలి. చాలాచోట్ల పొరపాటు జరిగేది ఇక్కడే. గడియారం చూసి, షిఫ్టుకోసారి రీజనరేషన్ చేస్తారు. పది కిలోల కాఠిన్యం పట్టగల సాఫ్టనర్ 400 పీపీఎం నీటికి 25,000 లీటర్లు ఇస్తుంది. గంటకు 2,500 లీటర్లు వాడితే పది గంటలు వస్తుంది. వేసవిలో బోరు అడుగంటి కాఠిన్యం 600కు చేరితే అదే సాఫ్టనర్ ఆరు గంటల నలభై నిమిషాలకే చేతులెత్తేస్తుంది. పాత అలవాటు ప్రకారం పదో గంట దాకా ఆగితే, ఆ మూడు గంటల ఇరవై నిమిషాల పాటు వచ్చే గట్టినీరంతా బాయిలర్‌లోకే పోతుంది. హార్డ్‌నెస్ కిట్టులో నాలుగు చుక్కలు వేసి రంగు చూడటానికి రెండు నిమిషాలు చాలు. ఆ పరీక్ష గంటగంటకూ జరగాలి.

ఇక సాఫ్టనర్ చేయనిది. నీటిలో కరిగిన మొత్తం ఉప్పును, అంటే టీడీఎస్‌ను, అది తగ్గించదు. 700 టీడీఎస్ నీరు లోపలికి వెళ్తే దాదాపు 700గానే బయటికి వస్తుంది. ఉప్పు రకం మారుతుంది గానీ బరువు తగ్గదు. ఈ ఉప్పు గారగా అంటుకోదు, నీటిలోనే ఉండి చిక్కబడుతుంది. ఇంత పరిమాణం ఉన్న బాయిలర్‌లో 5,000 లీటర్ల నీరు ఉందనుకుంటే, గంటకు రెండు టన్నుల ఆవిరి పోయినప్పుడల్లా టీడీఎస్ 280 చొప్పున పెరుగుతుంది. 700తో మొదలైన నీరు పది గంటల్లో 3,500కు చేరుతుంది. 20 కిలోల ప్రెషర్ లోపు బాయిలర్లకు 3,000 నుంచి 3,500 దాకానే సాధారణంగా అనుమతిస్తారు. అది దాటితే నీరు నురగలు కడుతుంది, ఆవిరితో పాటు ఉప్పునీరు పైపుల్లోకి ఎగబాకుతుంది, గేజ్ గ్లాసులో నీటి మట్టం ఎగిరెగిరి పడుతూ అటెండెంటును తికమక పెడుతుంది.

బ్లోడౌన్ ఎంత?

బ్లోడౌన్ అంటే బాయిలర్ నీటిని కొంత బయటికి వదలడం. అది ఈ చిక్కదనాన్ని అదుపులో పెట్టడానికే. ఎంత వదలాలో చెప్పే సూత్రం చిన్నది. లోపలికి పోయిన ఉప్పు ఎంతో బయటికి వదిలిన ఉప్పూ అంత ఉండాలి. 700 టీడీఎస్ నీరు గంటకు 2,500 లీటర్లు వెళ్తే 1.75 కిలోల ఉప్పు వెళ్లినట్టు. 3,500 టీడీఎస్ ఉన్న బాయిలర్ నీటిని 500 లీటర్లు వదిలితే సరిగ్గా అదే 1.75 కిలోలు బయటపడుతుంది. మిగిలిన 2,000 లీటర్లు ఆవిరి.

వదిలే ఆ 500 లీటర్లతో వేడీ పోతుంది. కిలో నీటికి సుమారు 157 కిలోకేలరీలు. అంటే గంటకు 35 కిలోల ఊక, రోజుకు 840 కిలోలు. ఈ అంకె చూసి వాల్వు కట్టేయమనే యజమాని తప్పు చేస్తున్నాడు. అడుగున చేరే మడ్డి కదలకుండా ఉంటే అక్కడే కాలి గట్టిపడి గారగా మారుతుంది. కాల్షియంను మెత్తటి మడ్డిగా మార్చడానికి వేసే ఫాస్ఫేట్ మందు కూడా బ్లోడౌన్ లేకపోతే దండగే.

అలాగని భయంతో ఎక్కువ వదలడమూ తక్కువ నష్టం కాదు. టీడీఎస్ 3,500 దాకా ఉండనివ్వాల్సిన చోట 2,000 దగ్గరే ఉంచితే, గంటకు 1,077 లీటర్లు వదలాల్సి వస్తుంది. రోజుకు అదనంగా దాదాపు టన్ను ఊక కాలువపాలు. కంటి అంచనాతో వాల్వు తిప్పే చోట ఈ రెండు తప్పులూ ఒకే వారంలో జరుగుతాయి.

బ్లోడౌన్ రెండు రకాలు. మడ్డి అడుగున ఉంటుంది కాబట్టి అడుగు వాల్వు తెరవాలి. తెరిచి పట్టుకోవడం కాదు, కొన్ని సెకన్ల చొప్పున పలుమార్లు చేయాలి. తెరవగానే వాల్వు దగ్గరున్న మడ్డి పోతుంది, ఆ తర్వాత పోయేదంతా వేడినీరే. లోడు తక్కువున్నప్పుడు మడ్డి కిందికి దిగి ఉంటుంది, అదే మంచి సమయం. గేజ్ గ్లాసు మీద ఒకరి కన్ను ఉండి తీరాలి. కరిగిన ఉప్పు చిక్కగా ఉండేది నీటి పైమట్టం దగ్గర. దాన్ని పైనుంచి సన్నగా, నిరంతరంగా వదలడం మేలు. చాలా చిన్న బాయిలర్లలో ఆ ఏర్పాటే లేదు, అన్నింటికీ అడుగు వాల్వే దిక్కు.

నమూనా తీసేటప్పుడు ఒక జాగ్రత్త. బాయిలర్ నుంచి నేరుగా సీసాలోకి పడితే ఆ నీటిలో సుమారు 16 శాతం ఆవిరై ఎగిరిపోతుంది. 3,500 ఉన్న నీరు మీటరులో 4,160కి పైగా చూపిస్తుంది. చల్లని నీటిలో మునిగిన తీగచుట్ట లాంటి గొట్టం గుండా చల్లార్చి పట్టుకున్న నీటినే కొలవాలి.

వదిలే నీటిని తగ్గించాలంటే లోపలికి పోయే నీటినే బాగుచేయాలి. ధాన్యం ఉడికించే ఆవిరి ధాన్యంలోనే కలిసిపోతుంది, అది తిరిగి రాదు. డ్రయ్యర్ రేడియేటర్లలో మాత్రం ఆవిరి చల్లబడి దాదాపు ఉప్పులేని వేడినీరుగా దిగుతుంది. దాన్ని కాలువలోకి వదిలే మిల్లులు ఉండటం బాధాకరం. లోపలికి వెళ్లే నీటిలో సగం అదే అయితే బ్లోడౌన్ 500 లీటర్ల నుంచి 222కు పడిపోతుంది. ఒక్క బ్లోడౌన్ వైపే రోజుకు 470 కిలోల ఊక మిగులు, ఆ నీటి వేడి వల్ల కలిగే లాభం వేరు. ఆర్వో పెట్టి టీడీఎస్‌ను 50కి దించితే గంటకు 29 లీటర్లు వదిలితే చాలు. అయితే ఆర్వో వదిలే ఉప్పునీటిని ఎక్కడ పోయాలో ముందే తేల్చుకోవాలి.

గార పట్టిపోయాక

మన బాయిలర్‌కు వేడి తగిలే ఉపరితలం 60 చదరపు మీటర్లు అనుకుందాం. దాని మీద ఒక మిల్లీమీటరు గార సుమారు 150 కిలోలు. పొగ ట్యూబుల్లోంచి పోయి నీరు వాటి చుట్టూ ఉండే బాయిలర్లలో బ్రష్షు అక్కడికి చేరదు, అందుకే యాసిడ్ వాష్. 150 కిలోల సున్నపు గార కరగాలంటే 30 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ సుమారు 360 కిలోలు కావాలి. దాన్ని పలుచన చేసి, లోహం తినకుండా కాపాడే ఇన్హిబిటర్ కలిపి తిప్పుతారు. ఆ చర్యలో 66 కిలోల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, గది నిండేంత వాయువు. వెంట్ మూసి ఉంటే ప్రెషర్ పెరుగుతుంది. యాసిడ్ ఇనుమును తాకితే హైడ్రోజన్ పుడుతుంది కాబట్టి దగ్గర్లో బీడీ కూడా వెలగకూడదు. తర్వాత నీటితో కడిగి, సోడాయాష్‌తో ఆమ్లగుణం విరిచి, ఊడిపడిన పెచ్చులను మడ్ హోల్ తెరిచి తీయాలి. సిలికా గార ఈ యాసిడ్‌కు లొంగదు. ముందు చిన్న పెచ్చు మీద పరీక్ష చేయకుండా యాసిడ్ పోయడం డబ్బునూ ట్యూబునూ పాడుచేసుకోవడమే.

మనిషిని లోపలికి దింపే ముందు ఆవిరి, నీరు, బ్లోడౌన్ వాల్వులన్నీ మూసి తాళం వేయాలి. లోపల గాలి పరీక్షించాలి. చేతిలైటు 24 వోల్టులకు మించకూడదు. బయట ఒక మనిషి కనిపెట్టుకుని ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఎవరినీ దింపకూడదు.

1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. తనిఖీ అవసరం మాత్రం మారలేదు. దానికోసం బాయిలర్‌ను ఖాళీచేసి, చల్లార్చి, శుభ్రం చేసి తెరుస్తారు. మిల్లు యజమానులకు ఒక విన్నపం. శుభ్రం చేయకముందే టార్చి వేసి లోపలికి చూడండి. గార మందం కొలిచి లాగ్‌బుక్‌లో రాయించండి. టీడీఎస్ చూసుకోవడానికి కొన్ని వేల రూపాయల కండక్టివిటీ మీటరు ఒకటి కొని అటెండెంటు చేతికివ్వండి. అది ఏ అంకె చూపితే వాల్వు తెరవాలో, ఎప్పుడు మూయాలో రాసి గోడకు పెట్టండి. ఊక ఎక్కువ కాలుతోందని ఆయన్ను నిలదీసే ముందు, సాఫ్టనర్ నీటిని మీ చేతులతో ఒకసారి పరీక్షించండి.