గొడ్డలికి కామే ప్రాణం

1991లో ఆల్ప్స్ మంచులో బయటపడ్డ ‘ఓట్జీ’ అనే ప్రాచీన మానవుడి దేహం పక్కన ఒక గొడ్డలి కూడా దొరికింది. వయసు సుమారు 5,300 ఏళ్లు. యూ చెట్టు కర్రతో చేసిన కామ 60 సెంటీమీటర్లుంటుంది. దాని కొసను చీల్చి, దాదాపు స్వచ్ఛమైన రాగితో పోసిన చిన్న బిళ్లను అందులో దూర్చి, బర్చ్ బంక పట్టించి, తోలు పట్టీలతో బిగించారు. పనితనం చక్కనిదే. చిక్కల్లా ఒక్కటే, కొట్టిన ప్రతి దెబ్బా ఆ బిళ్లను కర్ర చీలికలోకే నెడుతుంది. తర్వాతి కమ్మరులు వరస తిరగేశారు: లోహానికే కన్నం పెట్టి కామను అందులో దిగేశారు. ఇక బరువైన తల పెట్టినా కామ నిలువునా చీలే భయం తగ్గింది.

అమెరికాకు వలసపోయినవాళ్లు తీసుకెళ్లిన ఐరోపా గొడ్డళ్లలో బరువంతా అంచు వైపే. కన్నం వెనక పలచటి ఇనుము, అంతే. విసిరితే తల అటూ ఇటూ ఊగేది. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడి కమ్మరులు వెనకవైపు ఇనుప దిమ్మను పెంచారు, తూకం కుదిరింది. 1826లో కనెక్టికట్‌లో మొదలైన కాలిన్స్ కార్ఖానా గొడ్డళ్లను పదును పెట్టి మరీ అమ్మింది. అంతకుముందు కొన్నవాడే సానపట్టుకోవాల్సి వచ్చేది.

ఇక వాడకం సంగతి. కెనడా ఉత్తరాది అడవుల్లో చలిమంటకు నేలకూలిన దుంగ పనికిరాదు, తడి పీల్చుకుని ఉంటుంది. నిలబడి ఎండిన స్ప్రూస్ చెట్టు కావాలి. వాన పడ్డా దాని లోపల పొడిగానే ఉంటుంది, కాకపోతే చీల్చాలి. నారకు అడ్డంగా నరకడానికి పలచటి అంచు కావాలి. నార వెంట చీల్చడానికి లావు బుగ్గలున్న తల కావాలి, పలచటిదైతే మొద్దులో ఇరుక్కుంటుంది. రెండు గొడ్డళ్లు ఎవరు మోస్తారు? అడ్డంకోతను రంపానికి వదిలేసి, నడిమి రకం గొడ్డలి ఒకటి తీసుకెళ్లడమే తెలివి. కిలో తల, 70 సెంటీమీటర్ల కామ చాలు.

కొనేవాళ్లు తల బరువే అడుగుతారు. నన్నడిగితే ముందు చూడాల్సింది కామ. అదే విసురుకు కామ పొడవైతే తల వేగం పెరుగుతుంది. వేగం రెట్టింపైతే దెబ్బలో శక్తి నాలుగింతలు. ప్రాణాలకు సంబంధించిన సంగతీ ఉంది. గురి తప్పితే పొడుగు గొడ్డలి ముందున్న నేలలో దిగుతుంది. పొట్టిది అదే వంపులో తిరిగి మోకాలి చిప్పకో, ముంగాలికో వస్తుంది. అందుకే చేతిగొడ్డలితో కొట్టేవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని కొట్టాలి, తప్పినా దెబ్బ మట్టికే తగులుతుంది. ఆసుపత్రి రెండు రోజుల దూరంలో ఉన్నచోట ఇది చిన్న విషయం కాదు.

కామ కొసన నార గీతలు అంచుకు సమాంతరంగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. అడ్డంగా ఉంటే విరుగుతుంది. హికరీ కర్ర మేలు. గడ్డకట్టే చలిలో ఉక్కు పెళుసెక్కుతుంది. మంచు పట్టిన కణుపు మీద మొదటి దెబ్బకే అంచు పెచ్చులూడొచ్చు. కొట్టేముందు గొడ్డలి తలను కాసేపు కోటు లోపల పెట్టుకుని వెచ్చబెట్టాలి. సంచిలో చిన్న ఆకురాయి కూడా ఉండాలి.