స్లెమిష్ కొండ అలా విడిగా ఎందుకు నిలబడింది?

ఉత్తర ఐర్లాండ్‌లోని యాంట్రిమ్ కౌంటీలో స్లెమిష్ అనే కొండ ఉంది. ఎత్తు 437 మీటర్లే. అయినా పచ్చిక పొలాల మీద నిటారుగా, విడిగా లేచి దూరం నుంచే చూపును లాగేస్తుంది. అలా ఎలా వచ్చింది?

సుమారు 6 కోట్ల ఏళ్ల కిందట అక్కడో అగ్నిపర్వతం ఉండేది. అది చల్లారినప్పుడు, దాని గొట్టంలో మిగిలిన శిలాద్రవం సీసాకు బిరడా బిగించినట్టు లోపలే గడ్డకట్టింది. బయటికి పారిన లావా త్వరగా చల్లబడి పొరలు పొరలుగా బసాల్ట్ రాయి అయింది. లోపలిది మాత్రం నిదానంగా చల్లారింది. అందుకే దాని స్ఫటికాలు పెద్దగా పెరిగి, ఒకదానిలో ఒకటి గట్టిగా అల్లుకున్నాయి. ఆ రాయి పేరు డోలరైట్. తర్వాత వానలు, మంచుయుగపు హిమానీనదాలు చుట్టూ ఉన్న రాతిని అరగదీసేశాయి. గట్టిది నిలిచింది. అంటే ఇప్పుడు జనం ఎక్కేది ఒక పాత అగ్నిపర్వతం గొంతును! ఎంత అద్భుతం!

ఆకాశం తేటగా ఉంటే పైనుంచి సముద్రం అవతలి స్కాట్లాండ్ కూడా కనిపిస్తుంది.

ఈ కొండకో కథ కూడా ఉంది. 16 ఏళ్లకే బానిసగా పట్టుబడ్డ ఓ కుర్రాడు ఇక్కడే గొర్రెలు కాశాడని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఆయనే తర్వాత ఐర్లాండ్ క్రైస్తవులు కొలిచే సెయింట్ పాట్రిక్ అయ్యాడు. ఏటా మార్చి 17న, ఆయన పండుగనాడు, ఎందరో ఈ కొండెక్కుతారు.